బర్రె పలుపు ఊడిన సాయంత్రాలు

"ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాం తాతా" అని ముప్పై దాటనివాళ్ళు నా ముందు కూర్చుని అంటుంటే ఒళ్ళు మండిపోతుంది. వయసట, తీరికట! ఆ సాకులన్నీ నేను వీళ్ళకంటే ముందే వాడి పారేసినవి.

నా వయసులో, సరిహద్దులో యుద్ధం జరుగుతున్న రోజులు. బొల్లాపల్లి దగ్గర మా ఊరికి వచ్చే పేపరు ఒక్కటే. దాన్ని కాఫీ హోటల్లో ఒక మోతుబరి పైకి చదివేవాడు. తనకు నచ్చింది రాగం తీసి చదివేవాడు, నచ్చనిది మింగేసేవాడు. "అంతేనా?" అని అడిగితే, "నీకు చదువొస్తే నువ్వే చూసుకోరా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆ పేపరు నా కళ్ళతో నేనే చదవాలని పంతం పుట్టింది.

అప్పటికే ఒక బిడ్డ తండ్రిని. నా భార్య మేనమామ కూతురే, మూడో తరగతి దాకా చదివింది. "నేను నేర్పుతా, కూర్చో బావా" అంది. సాయంత్రం పలక పట్టుకుని కూర్చున్నానో లేదో, దొడ్లో బర్రె పలుపు ఊడేది. అది పోయి పక్కింటివాళ్ళ జొన్న చొప్ప మీద పడేది. నేను దాని వెంట పడేవాణ్ణి. తిరిగొచ్చేసరికి బువ్వ వేళ. రోజూ ఇదే తంతు. దీనికి నా చదువంటే గిట్టదని బర్రెను తిట్టేవాణ్ణి.

ఒకరోజు ఆమె చంకలో బిడ్డతో గుంజ దగ్గరికి వెళ్ళి ముడి చూసింది.

"పొద్దున నువ్వు కట్టిన ముడి మనం ఊడదీస్తేగాని ఊడదు. సాయంత్రం కట్టింది మాత్రం బర్రె తల ఊపితే ఊడుద్ది. ఏంది బావా ఇది?"

"తొందరలో కట్టుంటాలేవే."

"తొందరా? భయం! పెళ్ళాం ముందు అ ఆ తప్పుతానని."

రోషం వచ్చింది. కావాలని చేశానా అంటే, దేవుడి తోడు, కాదు. కానీ ఆ చేయి నాదే. బర్రె పారిపోయిందనగానే నా గుండె ఎంత తేలికయ్యేదో అప్పుడు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం పలుపు ఆమే కట్టింది. కాసేపటికి బర్రె అరిచింది. నేను లేచా.

"అది కట్టినచోటే ఉంది. లేచింది నువ్వే. కూర్చో."

కూర్చున్నా. 'ఋ' దగ్గర బలపం విరిగింది. ఆమె పకపకా నవ్వింది. ఆమె నవ్వితే పరువు పోద్దనుకున్నా. ఏమీ పోలా, నాకూ నవ్వొచ్చింది.

మిరప కోతల నాటికి హోటల్లో పేపరు నా చేతిలోకి లాక్కున్నా. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతున్నా.

"వదిలెయ్యరా, తెల్లారుద్ది" అన్నాడు మోతుబరి.

"చదవనియ్యి బాబాయ్, ఇన్నాళ్ళూ నువ్వు మింగిందేందో మాకూ తెలుసుద్ది" అన్నాడు హోటలాయన.

నా కాఫీ చల్లారిపోయింది. ఒక వార్త మాత్రం మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేశా.

ఇంటికొచ్చి అదంతా ఆమెకు గొంతెత్తి చెబుతుంటే, "సరేలే, ముందు బర్రెను కట్టిరా" అంది.

వెళ్ళి కట్టా. లాగి చూశా. ఊడలా.