రువైస్ రెడ్డిగారి ఆంబోతు

2006వ సంవత్సరం. షార్జాలో పాత కార్ల షాపులు బారులు తీరిన వీధిలో, చివరి నుంచి మూడోది మా షోరూమ్. ముప్ఫై కార్లు పట్టే యార్డు, ఒక ఏసీ గది. గదిలో మా ముదీర్, అంటే మేనేజరు, అబూ సలీం. యార్డులో నేను. ఆయన పని కార్లు కొనడం, నా పని మాట్లాడటం. నెల్లూరులో మా వీధివాళ్లు నన్ను ‘కోతల మస్తాన్’ అనేవాళ్లు. దుబాయ్ వచ్చాక అదే గుణానికి వీసా కొట్టి ఉద్యోగం ఇచ్చారు.

ఈ వ్యాపారం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పాత కారును అమ్మేది ఇంజిన్ కాదు, దాని వెనకున్న కథ. తెల్ల కారైతే పాత ఓనరు ముసలి లేడీ డాక్టరు; ఇంటికీ ఆస్పత్రికీ తప్ప బండి బయటికి తీసి ఎరగదు. నల్ల కారైతే బ్యాంకు మేనేజరు. ఒక్కరోజు కూడా ఎండలో పెట్టలేదు. ఆ రోజుల్లో షార్జా మొత్తంలో ఉన్న లేడీ డాక్టర్లకంటే నేను అమ్మిన లేడీ డాక్టర్ల కార్లే ఎక్కువ.

ఆ ఏడాది వేలంలో ఒక అమెరికన్ మజిల్ కార్ వచ్చింది. మజిల్ కార్ అంటే రెండు తలుపుల ఒంట్లో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ కుక్కిన బండి. పైగా ఇది మాడిఫైడ్, అంటే కంపెనీ ఇచ్చింది చాలక ఓనరు సొంత ముచ్చట్లు తీర్చుకున్నది. అల్ ఐన్ ఊరి కుర్రాడెవరో సైలెన్సర్లు పీకేసి ఉత్త గొట్టాలు బిగించాడు. వెనక టైర్లు రోడ్డు రోలరంత వెడల్పు. నారింజ రంగు మీద నల్ల చారలు. ముదీర్ వెనకాడుతుంటే నేనే ఎగదోశాను. “వారంలో అమ్మేస్తా ముదీర్. గ్యారంటీ నాది!”

ఆ వారం ఏడు నెలలు సాగింది. నేను దానికి ఆంబోతని పేరు పెట్టాను. స్టార్ట్ చేస్తే యార్డులో ఉన్న కార్ల అలారాలన్నీ ఒక్కసారిగా ఏడుపందుకునేవి. బల్లమీది కరక్ చాయ్ గ్లాసు దానంతటది నడుచుకుంటూ అంచుదాకా వెళ్లేది. పక్క షాపు పిల్లి కాపురం ఎత్తేసి అజ్మాన్ వెళ్లిపోయిందని ఆ షాపువాళ్లే చెప్పారు, నేను కల్పించింది కాదు. కుర్రాళ్లు వచ్చి ఫొటోలు దిగి పోయేవాళ్లు. సంసారులు దూరం నుంచే దణ్ణం పెట్టేవాళ్లు.

బ్యాటరీ దిగిపోకుండా రోజూ పొద్దున పదింటికి ముదీరే దాన్ని స్టార్ట్ చేసేవాడు. నన్ను తిట్టే ఓపిక లేక ఆ పని దానికి అప్పగించాడని నా అనుమానం. ఒక శనివారం ఇంజిన్ ఆపి కిందికి దిగి, “యా మస్తాన్! కలామ్ వాజిద్, బై మాఫీ” అన్నాడు. మాటలు బోలెడు, అమ్మకం సున్నా అని. గురువారం షాపు మూసేలోగా ఆంబోతు గేటు దాటకపోతే, నన్ను జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని స్పేర్ పార్టుల గోడౌనుకు మార్చేస్తానన్నాడు. జీతం మారదు, గది మారదు. “అక్కడ మనుషులుండరు, డబ్బాలుంటాయి. నీ కథలు వాటికి చెప్పుకో. ఖలాస్.”

ఉద్యోగం తీసేస్తానన్నా అంత బెదిరేవాణ్ణి కాదు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా డబ్బాల మధ్య, ఊఁ కొట్టే ప్రాణి లేకుండా! నాలాంటివాడికి అది గోడౌను కాదు, ఖబరస్తాన్.

మర్నాడు ఒక జంట వచ్చింది. ఆయన యాభై దాటిన మనిషి, పేరు ఓబుల్ రెడ్డి. సొంతూరు ప్రొద్దుటూరు దగ్గర. రువైస్ రిఫైనరీలో మెకానిక్. చొక్కా జేబులోంచి జానెడు పైకి పొడుచుకొచ్చిన స్క్రూడ్రైవరొకటి. ఆమె లక్ష్మీదేవమ్మ. రువైస్ నుంచి అబూధాబి వెళ్లి రావడానికి నిమ్మళమైన తెల్ల జపాన్ కారు కావాలని ఆమె ముందే చెప్పేసింది. నేను రెడ్డిగారిని తెల్ల కారు దగ్గర నిలబెట్టి లేడీ డాక్టరు కథ ఎత్తుకున్నాను.

ఏం విన్నాడండీ ఆ మనిషి! కళ్లార్పకుండా నా మొహమే చూస్తూ, సరిగ్గా ఆగాల్సిన చోటల్లా ఊఁ కొట్టాడు. ఇన్నేళ్ల సర్వీసులో నా కథను అంత భక్తిగా విన్నవాడు లేడు. ఆ ఉత్సాహంలో లేడీ డాక్టరుకు ఒక తమ్ముణ్ణి కూడా పుట్టించి, అతనికి రాజుగారింట్లో డ్రైవరు ఉద్యోగం ఇప్పించాను.

అంతలో పదైంది. వెనక ముదీర్ ఆంబోతును లేపాడు. అలారాలు మొదలయ్యాయి. లక్ష్మీదేవమ్మ రెండు చెవులూ మూసుకుంది. రెడ్డిగారు మాత్రం గిరుక్కున తిరిగాడు. తెల్ల కారునూ నన్నూ వదిలేసి, తప్పిపోయిన చుట్టం కనబడ్డట్టు గబగబా నడిచి వెళ్లి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

“లచ్చిమీ! ఇది నాకు ఇనపడతాంది!” అని అరిచాడు.

నేను పరుగెత్తి ఆంబోతు కథ అందుకున్నాను. ఇది సినిమావాళ్లు వాడిన బండి సార్, ప్లగ్గులు మొన్ననే కొత్తవి వేయించాం సార్, ఈ శబ్దానికి దొంగలు దగ్గరికి రారు సార్. ఆయన ఊఁ, ఊఁ అంటున్నాడు. లక్ష్మీదేవమ్మ చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

“ఎవురికి చెప్తాండావన్నా నువ్వు? ఆయనకు ఇనపడదు. కంప్రెసర్ల కాడ పద్దెనిమిదేండ్లు పని జేసినాడు. కుడి చెవి ఖలాస్. ఎడమది ఉండీ లేనట్టే.”

నేను ఆమె వైపు తిరిగాను. “మరి ఇందాకట్నుంచి ఊఁ కొడతా ఉండారు గదమ్మా?”

“ఇంట్లో నాక్కూడా అట్లే కొడతాడు.”

చెవికి మిషన్ కొనిచ్చిందట. అది సొరుగులో నిద్రపోతోందట. అసలు చిక్కు కార్లతో. ఇంజిన్ నడుస్తోందో లేదో తెలియక ఈయన మళ్లీ తాళం తిప్పుతాడు, గర్రుమంటుంది. “ఇప్పటికి మూడు స్టార్టర్లు మార్చినాం అన్నా.”

రెడ్డిగారికి ఆంబోతే కావాలి. ఆమె కాసేపు ఆయన మొహం చూసి, మెత్తబడి ఒక షరతు పెట్టింది. “రువైస్ నుంచి అబూధాబికి రెండున్నర గంట. ఆ దావన నేను నిద్రపోవాల. నా నిద్ర చెడిందో, నీ పనీ ఆయన పనీ ఒకేసారి చెప్తా.”

ఆయనకు వినబడాలి, ఆమెకు వినబడకూడదు. దీనికి తోడు పాసింగ్. పాసింగంటే సర్కారు పరీక్ష. అది గట్టెక్కితే తప్ప బండి కాగితం, ముల్కియా, కొత్త ఓనరు పేరుకు మారదు. సోమవారం ఆంబోతును తీసుకెళ్తే టెస్టింగతను గేటు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టాడు. మోత ఎక్కువ, ఫెయిల్.

దుబాయ్ అల్ ఖూజ్‌లో మాకొక మలయాళీ మెకానిక్ ఉన్నాడు, కుంజు. బండి శబ్దం విని, “యే గాడీ నహీ మస్తాన్ భాయ్, షాదీ కా బ్యాండ్ హై” అన్నాడు, ఇది బండి కాదు పెళ్లి బ్యాండని. రెండు రోజులు తిరిగి అసలు సైలెన్సర్లు సంపాదించి బిగించాడు. కుంజు చేతికి శుభ్రం ఎక్కువ. పనిలో పనిగా ఇంజిన్ కింద అల్ ఐన్ కుర్రాడు వేయించిన ఇనప దిమ్మలు పీకేసి, కంపెనీ రబ్బరు మౌంట్లు వేశాడు. ఇంజిన్ వణుకు బండి ఒంటికి తగలకుండా మధ్యలో పెట్టే దిమ్మల్నే మౌంట్లంటారు. బుధవారం ఆంబోతు పెళ్లిచూపుల్లో పిల్లలా తలొంచుకుని పాసైంది.

గురువారం పదింటికి జంట వచ్చింది. లక్ష్మీదేవమ్మ సంతోషంగా వెనక సీట్లో కూర్చుంది. రెడ్డిగారు తాళం తిప్పాడు. ఇంజిన్ లేచింది. ఆయన ఒక క్షణం చూసి మళ్లీ తిప్పాడు. గర్ర్‌ర్ర్!

కిందికి దిగి తాళం నా చేతిలో పెట్టాడు. “చచ్చిన బండిని అమ్ముతాండావా మస్తాన్? నాకొద్దు.”

నోరు తెరిచాను. తెరిచాక గుర్తొచ్చింది, దానివల్ల లాభం లేదని. ఎన్ని కోతలుంటే ఏం, ఆ మనిషి దగ్గర ఒక్కటీ చెల్లదు. ఏసీ గది అద్దంలోంచి ముదీర్ నాకు కనబడేలా కుడిచేత్తో ఒక అట్టడబ్బా పైకెత్తి ఊపాడు.

రెడ్డిగారు వెళ్లిపోలేదు. మనసొప్పక, తాళం తిరిగి తీసుకుని ఇంజిన్ లేపి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి మొనను డాష్‌బోర్డు మీద, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించాడు. రిఫైనరీలో బేరింగుల జబ్బు కనిపెట్టే పద్ధతి అది. తల అడ్డంగా ఊపాడు. బానెట్ తెరిచి అదే స్క్రూడ్రైవరు ఇంజిన్ మీద పెట్టాడు. మొహం విచ్చుకుంది. మళ్లీ డాష్‌బోర్డు, మళ్లీ ఏడుపు మొహం.

మాట్లాడే పని లేకపోవడంతో నా బుర్రకు మొదటిసారి తీరిక దొరికినట్టుంది. ఇంజిన్ మీద నవ్వు, డాష్‌బోర్డు మీద ఏడుపు. రెంటికీ మధ్య ఏముంది? రబ్బరు!

రెడ్డిగారికి రెండు చేతులతో ‘ఆగండి’ అని సైగ చేసి, ఆమెకు విషయం చెప్పి, ఇద్దరికీ బిర్యానీ తెప్పించి, ఆంబోతును అల్ ఖూజ్ పరుగెత్తించాను. కుంజు నెత్తి కొట్టుకున్నాడు. “శుభ్రంగా చేసినదాన్ని చెడగొట్టమంటావా?” “చెడగొట్టు కుంజూ, యల్లా, తొందరగా!” సైలెన్సర్లు అలాగే ఉంచి, రబ్బరు తీసి ఇనప దిమ్మలు బిగించాడు. మోత బయటికి పోదు, వణుకు లోపలికొస్తుంది. తిరిగొస్తూ మళ్లీ పాసింగుకు పెట్టాను. టెస్టింగతను మోత కొలిచి, కిందికి వంగి చూసి ముద్ర కొట్టాడు.

నాలుగింటికి రెడ్డిగారు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. రెండోసారి తిప్పలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంచి, పాటకు కూర్చున్నవాడిలా కళ్లు మూసుకున్నాడు. తర్వాత స్క్రూడ్రైవరు తీసి స్టీరింగుకూ చెవి వెనక ఎముకకూ ఆనించి చాలాసేపు ఉండిపోయాడు.

“మూడో సిలిండర్‌లో ప్లగ్గు పోయింది. చెప్పలేదే నువ్వు?”

వెనక సీట్లోంచి లక్ష్మీదేవమ్మ ఆయన భుజం తట్టి, మొహం తనవైపు తిప్పుకుని, పెదవులు విడివిడిగా కదిలిస్తూ చెప్పింది. “చెప్పినాడులే. కొత్త ప్లగ్గులని!”

ఆయన పకపకా నవ్వాడు. ప్లగ్గు నేనే మార్పించి ఇచ్చాను. ముల్కియా కాగితాల మీద సంతకాలయ్యేసరికి లక్ష్మీదేవమ్మ చప్పుడు లేదు. వంగి చూశాను. ఇంజిన్ వణుకుకు సీటు ఉయ్యాల ఊగినట్టు ఊగుతోంది. ఒళ్లో హ్యాండ్ బ్యాగు, నోరు కాస్త తెరుచుకుని, ఆమె గాఢ నిద్రలో ఉంది. బండి ఇంకా గేటు కూడా దాటలేదు.

ఆంబోతు వీధి మలుపు తిరిగాక ముదీర్ బయటికొచ్చి నన్ను పైకీ కిందికీ చూశాడు. “మాఫీ కలామ్, బై ఫీ?” మాట లేదు, అమ్మకం ఉంది, ఇదేం వింత అని. జెబెల్ అలీ తప్పింది. కానీ ఆ శనివారం నుంచి కస్టమరు వచ్చిన మొదటి పది నిమిషాలు నేను నోరు విప్పకూడదని రూలు పెట్టాడు. ఆ పది నిమిషాలు నేను అనుభవించిన బాధ పగవాడికి కూడా వద్దు. అమ్మకాలు మాత్రం పెరిగాయి. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

నెల తర్వాత రువైస్ నుంచి ఫోను. “మస్తాన్! బండి బంగారం! రువైస్ రోడ్డు మీద నన్ను చూసి ఒంటెలు లేచి నిలబడతాండాయి. నిన్న ఒకటి సలాం కూడా కొట్టింది!”

ఆ ఒంటె పాత ఓనరు లేడీ డాక్టరేనా అని అడగబోయాను. అడిగి ఏం లాభం? అరగంట సేపు ఆయన చెబుతూనే ఉన్నాడు. బండి ఇసక తుఫానును వెనక్కి తోసిందట. పెట్రోలు బంకువాడు దానికి మొక్కుకున్నాడట. లక్ష్మీదేవమ్మ ఒకసారి రువైస్‌లో కన్నుమూసి అబూధాబి దాటిపోయి ఒమన్ సరిహద్దులో లేచిందట. కోతలు కోసేవాడికి కోత తెలియదా? అన్నీ కోతలే. కానీ ఎంత బాగున్నాయి!

ఆ బేరం నాకు నేర్పింది ఇదే. చెప్పేవాడికి కావలసింది నమ్మేవాడు కాదు, ఆఖరికి వినేవాడు కూడా కాదు, ఊఁ కొట్టేవాడు. అందుకే, అవతల ఆయనకు వినబడదని తెలిసి కూడా, సరిగ్గా ఆగాల్సిన చోటల్లా ఊఁ కొడుతూ కూర్చున్నాను.