అధ్యక్షురాలి ఓటు

మొన్న ఆఫీసులో మీటింగు మొదలయ్యే ముందు ఎవరో గాజుగ్లాసు మీద పెన్నుతో టంగుటంగుమని కొట్టారు. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నాకు కాలు ఒకచోట నిలవదు. తొంభైలలో ఫరీదాబాద్‌లో నేను అద్దెకున్న హౌసింగ్ సొసైటీలో రాజ్యలక్ష్మి ఆంటీ సభను అలాగే మొదలుపెట్టేవారు.

ఆంటీది కాకినాడ. ఢిల్లీలో ప్రభుత్వ కమిటీల సమావేశాలకు నివేదికలు రాసే ఉద్యోగం చేసి రిటైరై, సొసైటీకి అధ్యక్షురాలయ్యారు. అంతకుముందు అక్కడ మీటింగంటే అరుపులు, అలకలు, సమోసాలు. ఆవిడ వచ్చాక ఎవరు మాట్లాడినా లేచి నిలబడి, ఆవిడనే చూస్తూ, ఆవిడకే చెప్పాలి. ఒకరు అనుకూలంగా మాట్లాడితే తర్వాతి వంతు వ్యతిరేకించేవాళ్లది. పై మెట్ల మీద నుంచి చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. నాలుగు మాటలు చెప్పడానికి ఇంత తతంగమా అనిపించేది.

ఒక ఆదివారం ఆ తతంగం నా మెడకే చుట్టుకుంది. పెళ్లికాని ఆడపిల్లలకు ఫ్లాట్లు అద్దెకివ్వకూడదని, ఉన్నవాళ్లని ఖాళీ చేయించాలని కింది అంతస్తు ఖన్నా అంకుల్ తీర్మానం పెట్టారు. అంటే నేనూ, నాతో ఉండే మరో ఇద్దరూ. ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి చీకటిపడ్డాక వస్తామన్నదే మా నేరం. ఆ ఇల్లు పోతే నాకు ఉద్యోగమూ పోయినట్టే. అదే అదనుగా నన్ను మా ఊరు విజయనగరం తీసుకుపోవాలని నాన్న కాచుకుని ఉన్నారు.

అద్దెవాళ్లకు సభలో మాట్లాడే హక్కు లేదు. ఆంటీ సభ్యుల అనుమతి అడిగి మరీ నన్ను లేపారు. నేను ఖన్నా అంకుల్ వైపు తిరిగి, "మీ అమ్మాయినైతే ఇలాగే గెంటేస్తారా?" అని హిందీలో విరుచుకుపడ్డాను. ఆయనా లేచారు.

"ఖన్నాజీ, ఆప్ బైఠియే, కూర్చోండి. మీ వంతు తర్వాత," అన్నారు ఆంటీ. నాతో తెలుగులో, "వసుధా, ఆయన్ని కాదు, నన్ను చూసి చెప్పు," అన్నారు.

ఆవిడ వైపు తిరిగేసరికి నాకు తిట్టడానికి ఎవరూ లేకపోయారు. ఇక చెప్పాల్సిన సంగతే మిగిలింది. షిఫ్టు వేళలు, బస్సు దిగాక నడవాల్సిన దారి, ఒంటరి ఆడపిల్లకు ఇల్లు దొరకని తిప్పలు చెప్పాను. ఎవరూ అడ్డురాలేదు.

అందరి వంతులూ అయ్యాక, ఎత్తిన చేతులు లెక్కపెడితే అటూ ఇటూ సమానం. ఇక తేల్చాల్సింది ఆంటీ ఓటే.

"సభ సగానికి చీలినప్పుడు ఉన్నదాన్ని మార్చే పని అధ్యక్షులు చేయకూడదు. నా ఓటు తీర్మానానికి వ్యతిరేకం," అన్నారావిడ.

మెట్ల దగ్గర ఆవిడ వెంటపడ్డాను. "థాంక్సండీ ఆంటీ. మీరు మా వైపు ఉంటారనుకోలేదు."

"మీ వైపు ఎక్కడున్నానే? మీరు పోతేనే నాకు హాయి. ఆ రాకపోకలూ, ఆ నవ్వులూ నాకు నచ్చవు. మామూలు మెంబర్నైతే ఖన్నాగారికే చెయ్యెత్తేదాన్ని."

"మరి ఎందుకు ఉంచారు?"

"నచ్చినోళ్లని ఉంచుకోమని ఇచ్చారేంటి నాకా కుర్చీ? పో, అన్నం తిను."

నాకు కృతజ్ఞత కంటే ముందు కోపం వచ్చింది. చాలా రోజులు ఆవిడకు ఎదురుపడకుండా తిరిగాను. ఎవరి దయ వల్లో కాక, నన్ను ఇష్టపడని మనిషి పాటించిన న్యాయం వల్ల నేను అక్కడ ఉన్నానన్నది మింగుడుపడలేదు.

ఇప్పుడు నేనూ ఒక సంఘానికి అధ్యక్షురాలిని. నాకు గిట్టని మనిషి మాట్లాడుతుంటే లోపల కుదురుండదు. అయినా పళ్లు బిగబట్టి చివరిదాకా వింటాను. చేతులు లెక్కపెట్టేటప్పుడు మాత్రం అటూ ఇటూ సమానం రాకూడదని కోరుకుంటాను. వస్తే ఆంటీలా ఓటు వేయగలనో లేదో నాకింకా తెలియదు.