పొట్టి షాఫ్టు వేసిన రోజు

వేడెక్కిన గేర్ ఆయిల్ వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి. నిన్న కొత్తపేటలో నా షెడ్డులో ఒక జీపు కింద పడుకుని ఉండగా అదే వాసన వచ్చింది. పని ఆపి కాసేపు అలాగే ఉండిపోయాను. సత్యానందం గారు గుర్తొచ్చారు.

నాకు పని నేర్పింది ఆయనే. చుట్టుపక్కల జీపుల పనికి ఆయన పేరే చెప్పేవారు. అంత పేరున్న మనిషి భయస్థుడంటే నమ్మరు గానీ, బండి కింద దూరేముందు ప్రతిసారీ జాకీని కాలితో తన్ని చూసుకునేవారు. వయసులో ఉండగా ఆయన కళ్లముందే ఒక జీపు కింద చక్రాలకు శక్తినిచ్చే ఇనుప గొట్టం, ప్రొపెల్లర్ షాఫ్టు, ముందు కొస ఊడి, రోడ్డులో గుచ్చుకుని, బండి పల్టీ కొట్టిందట. నడుపుతున్నది ఆయన స్నేహితుడు. ఆ తర్వాత ఏమైందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఒక వానాకాలం అల్లవరం నుంచి రొయ్యల చెరువుల రాజుగారు జీపు తెచ్చారు. బురదలో తిరగడానికి దాన్ని బాగా ఎత్తు చేయించారు. దాంతో వెనక చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు మరీ వాలుగా అయిపోయి, వేగం అందుకోగానే బండంతా వణికేది. ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి, దాని వెనక నుంచి బయటకు వచ్చే షాఫ్టు తీసి పొట్టిది వేయాలి. అప్పుడు మిగిలిన జాగాలో పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు పడుతుంది, వాలు తగ్గుతుంది. ఇద్దరం కలిసి విప్పాం. కొత్త షాఫ్టునూ, అది జరగకుండా పట్టి ఉంచే రింగునూ సత్యానందం గారే వేశారు.

అంతా బిగించాక చేత్తో తిప్పి చూస్తూ ఆగిపోయారు. "ఎక్కడో పట్టినట్టుందిరా శ్రీనూ."

"నాకేం తెలీట్లేదండి."

రాజుగారికి తొందర. "మీరు వేసేక ఇంకా అనుమానమేటండీ?"

"ఆయ్, అనుమానమేనండి. ఓసారి నడిపి చూసి ఇస్తాను."

నన్ను నడపమని ఆయన పక్కన కూర్చున్నారు. కాలవ గట్టు మీద మూడో గేరు వేయగానే కాళ్ల కింద టక్కుమంది. మళ్లీ టక్కుమంది. ఆయిల్ మాడిన వాసన లోపలికి కొట్టింది. పక్కనే నిండు కాలవ. నా కాలు బ్రేకు మీదికి పోయింది.

"తొక్కకు! కాలవలోకి జారిపోతాం. కాలు తీసెయ్. స్టీరింగు వదలకు!" అని అరిచారు ఆయన. ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకున్నారు. బండి తనంతట తాను నెమ్మదించి ఆగింది.

దిగి చూస్తే పొట్టి షాఫ్టు వెనక్కి జరిగి ఆయిల్ కారుతోంది. షెడ్డుకు లాక్కొచ్చి విప్పాం. రింగు గాడిలో సరిగ్గా కూర్చోలేదు.

"నేనేసిందేనండి. కూర్చోలేదు. మళ్లీ వేస్తాను," అన్నారు సత్యానందం గారు.

"రేపు పిల్లల్ని ఎక్కించుకుని ఆ గట్టు మీదే వెళ్దామనుకున్నానండి," అన్నారు రాజుగారు.

రెండోసారి బిగించాక సత్యానందం గారు మళ్లీ నా పక్కన ఎక్కారు.

"నేను చూసొస్తాను గదండీ, మీరెందుకు?"

"భయంగా ఉందిరా. అందుకే వస్తున్నాను."

ఈసారి బండి వణకలేదు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు నా షెడ్డులో ఏ బండి పని పూర్తయినా, మొదటిసారి కదిలేటప్పుడు నేను పక్కన కూర్చుంటాను. నా దగ్గర పనిచేసేవాళ్లు నవ్వుకుంటారు. నాకు భయం వేస్తూనే ఉంటుంది. దిగిపోను.