వణికే చేతులను దాచుకోని నరహరన్న

నరహరి గారు ఇక లేరన్న వార్త మాదాపూర్‌లోని మా ఆఫీసు సెల్లార్‌లో బండి నిలుపుతుండగా నాకు అందింది. ఫోన్‌లో ఆయన భార్య సుజాత వదిన.

"స్వర్ణా, మీ అన్న లేస్తలేడు" అన్నది.

"ఏ రోడ్డులో వదినా?" అన్నాను. నా నోట వచ్చిన మొదటి మాట అదే.

"రోడ్డు కాదమ్మా, ఇంట్లనే. చాయ్ తాగి మంచం మీద ఒరిగిండు, గంతే."

దవాఖానకు చేర్చేసరికే గుండె ఆగిపోయిందని వైద్యులు చెప్పారట. అలాంటి ఫోన్ ఏదో ఒక రోజు వస్తుందని ఏళ్లుగా భయపడుతూనే ఉన్నాను. ఆ భయమంతా రోడ్ల చుట్టూ తిరిగింది. ఆయన నిద్రపోయే మంచం వైపు నా ఊహ ఒక్కసారీ పోలేదు. పరామర్శకు వచ్చినవారంతా "బండి మీదేనా?" అని గొంతు తగ్గించి అడిగారు. కాదని ప్రతి ఒక్కరికీ చెప్పాను. కొందరు నమ్మినట్టు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: నరహరి గారిని ఏ బండీ చంపలేదు.

ఆయన నార్సింగి గ్రామంలో పుట్టారు. ఆయన బాల్యంలో జొన్న చేలుండిన చోట ఇప్పుడు అద్దాల మేడలు నిలిచాయి. ఆ సంగతి ఎవరైనా విచారంగా ఎత్తితే "రోడ్డు మంచిగైంది గద" అని నవ్వేసేవారు. పెద్ద మోటారు సైకిళ్లను స్వయంగా నడిపి, వాటి గుణదోషాలను ఒక మోటారు పత్రికకు తెలుగులో నిర్మొహమాటంగా రాసేవారు. ఏళ్ల తరబడి బండి నడిపినవారికే శిక్షణ ఇచ్చేవారు. కొత్తవారిని తీసుకునేవారు కాదు. "కొత్తోడు ఎట్లనో జాగ్రత్తగనే ఉంటడు. పరేషాన్ అంతా అన్నీ తెలుసనుకునేటోళ్లతోనే" అనేవారు.

నేను ఆయన దగ్గరికి వెళ్లేనాటికి నాకూ అన్నీ తెలుసనే అనుకుంటున్నాను. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కు రోజూ ఆ రద్దీలో బండి మీద వచ్చేదాన్ని. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"భయమైతదా, చెల్లె?"

"లేదండి" అన్నాను గర్వంగా.

"అయితే ఇంటికి పో. భయమైన రోజు రా."

ఆ వానాకాలమే గచ్చిబౌలి మలుపులో జారిపడి, మోచేతికి కట్టుతో ఆయన ఇంటి ముందు నిలబడ్డాను. ఆయన కుర్చీ వేసి, సుజాత వదినను చాయ్ పెట్టమన్నారు. నా శిష్యరికం ఆనాడు మొదలైంది.

ఆయన చివరగా పరీక్షించినది మహాబలం గల ఒక రోడ్‌స్టర్. గాలిని ఆపే అద్దం గానీ ఇంజిన్ మీద తొడుగు గానీ లేక, ఎముకలన్నీ బయటికి కనిపించే తరహా బండి. పత్రిక కోసం దాన్ని షోరూం నుంచి తెచ్చి, ముందుగా ఆఫీసులు వదిలే వేళ సైబర్ టవర్స్ కూడలిలోకి నడిపించారు. బండి రెండు అడుగులు కదలడం, ఆగడం, ఇంజిన్ వేడి తొడలను కాల్చడం. ఇంటికొచ్చి పాదాలు చన్నీళ్ల బక్కెట్టులో పెట్టుకుని, "గింత బలమున్న గుర్రాన్ని గల్లీల కట్టేసినట్టుంది. అయినా బ్రేకు మాత్రం ఎంత మర్యాదస్తురాలో!" అని మెచ్చుకున్నారు. ఆయన నిందలోనూ ప్రశంసకు చోటుండేది.

తర్వాత ఒక ఉదయం శంకర్‌పల్లి దారి పట్టాం. ఆయన ఆ బండి మీద ముందు, నేను నా చిన్న బండి మీద వెనుక. దారి ఖాళీగా కనిపించగానే ఆయన వేగం పెంచారు. రోడ్డుకు అడ్డంగా ఒక చోట తారు ఉబ్బి ఉంది. దాని మీదికి వెళ్లగానే ముందు చక్రం నేలను విడిచింది. తిరిగి నేలను తాకిన క్షణంలో హ్యాండిల్ అటూ ఇటూ పిచ్చిగా కొట్టుకోసాగింది. ఎదురుగా సిమెంటు లారీ వస్తోంది. నేను అరిచాను. హెల్మెట్‌లో ఆ అరుపు నాకే వినిపించింది. ఆయన బ్రేకు వేయలేదు. మోచేతులు వదులు చేసి, మోకాళ్లతో ట్యాంకును బిగించి, హ్యాండిల్ మీద భారం తగ్గించి కూర్చున్నారు. హ్యాండిల్ మెల్లగా కుదుటపడింది. లారీ గాలి నన్ను ఊపేసి వెళ్లింది.

కొంత దూరం పోయాక ఆగి, చేతి తొడుగులు తీసి నా ముందు చాచారు.

"సూడు, ఎట్ల వణుకుతున్నయో."

"ఈ బండి వద్దన్నా, ఇచ్చేయండి. మీకు దణ్ణం పెడతాను."

"బండి తప్పు గాదు చెల్లె. గీ రోడ్డు మీద నేను ఎక్కువ గుంజిన. కానీ జర్రంతల కోపమొచ్చే బండి అని రాయాలె. నాకు భయమైందని గూడ రాయాలె."

"చదివి నవ్వుతారేమోనండీ."

"నవ్వనీ. నవ్వినా సరే, ఇంటికి చేరాలె."

అన్నట్టే రాశారు. ఆ సాహసం వేగంగా వెళ్లడం కంటే గొప్పదని నేనంటాను. నేను తప్ప ఎవరూ చూడని చోట కలిగిన భయాన్ని వేలాది పాఠకుల ముందు తనంతట తాను చెప్పుకున్న నిజాయితీ అది.

మా ఆఫీసులో నా పైఅధికారి రఘురాం గారు అదే బండి కొనాలని ఉవ్విళ్లూరారు. హిమాలయాల దాకా బండి మీద వెళ్లొచ్చిన మనిషి. ఆయన కోరిక మీద నేనే నరహరి గారి దగ్గరికి తీసుకువెళ్లాను. షోరూం వారి అనుమతితో రఘురాం గారు ఒక చుట్టు నడిపి, ముఖం వెలిగిపోతూ దిగారు.

"అద్భుతమండీ! అసలు భయమే వేయలేదు!"

నరహరి గారు తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నారు. "సారూ, ఇప్పుడే కొనకుండ్రి. జర ఆగుండ్రి. నాతోని నెల రోజులు తిరుగుండ్రి."

"నా అనుభవం మీకు తెలియదండీ" అన్నారు రఘురాం గారు, మాట కటువుగా.

"తెలుసు సారూ. గందుకే ఫికర్ అయితుంది."

ఆ సంభాషణ అక్కడితో తెగిపోయింది. తర్వాత కొద్ది రోజులకే నరహరి గారు మమ్మల్ని విడిచి వెళ్లారు.

అంత్యక్రియలకు రఘురాం గారు వచ్చారు. దూరంగా, వరుసగా నిలిపిన కార్ల వెనుక అదే రకం బండి కనిపించింది. ఆయన వేరే షోరూంలో కొన్నారని తర్వాత తెలిసింది. ఎవరూ చూడకూడదని అంత దూరాన పెట్టారు. చితి ముందు నా దుఃఖంలోకి భయం చొరబడింది. సిగ్గేసింది గానీ ఆ బండి మీది నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

పది రోజులూ గడిచాక రఘురాం గారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"స్వర్ణ గారూ, నిన్న ఫ్లైఓవర్ దిగుతుంటే హ్యాండిల్ కొట్టేసుకుందండి. ఎలా ఆగిందో నాకే తెలీదు. పొద్దున్నే తాళంచెవి తీశాను, చేతులు ఆడలేదు. ఆయన మీకు నేర్పింది నాకు కొంచెం నేర్పిస్తారా?"

నేర్పడానికి నేనెంతటి దాన్ని? అయినా కాదనలేకపోయాను. మరుసటి ఆదివారం ఉదయం ఆయన ముందు, నేను వెనుక బయలుదేరాం. ఒకప్పుడు నరహరి గారు నా వెనుక వస్తూ, బండి ఆపిన ప్రతిచోటా "భుజాలు బిగవట్టినవ్", "ఆ గుంతను సూడలేదు నువ్వు" అని చెప్పేవారు. నేను రఘురాం గారి వీపు వైపు కళ్లు చికిలించి చూస్తూ పోయాను. వీపు కనిపించింది. జాకెట్ కనిపించింది. మొదటి మలుపులో ఆగి ఆయన వెనక్కి తిరిగి అడిగారు.

"ఎలా నడిపానండీ? ఏం తప్పు చేశాను?"

ఆయన ఏదో తప్పు చేశారు. అంతవరకు నాకు తెలుసు. అదేమిటో చూడగలిగిన కళ్లు ఈ నగరంలో ఒక్క జత ఉండేవి. వాటికి నా కన్నీటి నివాళి.

"మళ్లీ ఒకసారి నడపండి, నెమ్మదిగా" అన్నాను.