రాహుకాలంలో పోయిన రెండో మెషిన్

గవర్నర్‌పేటలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టు మేడ మీద, రెండు గదుల్లో కూర్చుని, బెంగళూరు వాళ్లకి చేతకాని పని మేం చేసి చూపిస్తామని నమ్మిన రోజులవి. నమ్మకానికేం, అద్దె కట్టక్కర్లేదు కదా. కంపెనీ మా చిన్న మావయ్యది. కాలేజీలో లెక్కల లెక్చరర్ ఉద్యోగం మానేసి మరీ పెట్టాడు. (ఆ ‘మానేసి’ అన్న మాటని అత్తయ్య ఇప్పటికీ పళ్లు నూరకుండా పలకలేదు.) మొదట్లో నలుగురు కుర్రాళ్లం ఉండేవాళ్లం. నేను చెబుతున్న నాటికి మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే బెంగళూరు బస్సెక్కేశారు. మిగిలింది నేనూ, మావయ్యా, ఎవరూ కూర్చోని కుర్చీలూ. మధ్యాహ్నం పూట ఆ కుర్చీల వంక చూస్తే అన్నం సహించేది కాదు.

మేం తయారు చేస్తున్నది నెట్‌వర్క్ డ్రైవర్. ఒక సాఫ్ట్‌వేర్‌ని దానికి కావలసిన సరంజామాతో సహా డబ్బాలో సర్ది మూత పెడితే దాన్ని కంటైనర్ అంటారు. ఒకే మెషిన్‌లో ఉన్న కంటైనర్లు హాయిగా మాట్లాడుకుంటాయి. వేరే వేరే మెషిన్లలో ఉంటే ఒకదాని మొహం ఒకటి ఎరగవు. వేరు కాపురాలు పెట్టిన తోడికోడళ్లని, మీరింకా ఒకే వంటింట్లో ఉన్నారని నమ్మించడం లాంటిది మా డ్రైవర్ పని. అందులో నేను మురిసిపోతూ రాసుకున్న నియమం ఒకటుంది. ప్రతి మెషిన్ కొన్ని సెకన్లకోసారి రెండోదానికి ‘నేనున్నాను’ అని కబురు పంపాలి, పంపిన టైం దాని మీద వెయ్యాలి. ఆ టైం మరీ పాతదైతే పంపిన మెషిన్ పోయినట్టే లెక్క, దాని వైపు దారులన్నీ మూసెయ్యాలి. మావయ్య కోరిక మీద తెర మీదికొచ్చే మాటలన్నీ తెలుగులోనే పెట్టాను. ‘రెండో మెషిన్ వచ్చింది’, ‘రెండో మెషిన్ పోయింది’. (చావుకబురు ఇంకాస్త మర్యాదగా రాయొచ్చని ఆ వయసులో తోచలేదు.)

హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్లు మా పని చూడ్డానికి వస్తామన్నారు. వాళ్లకి నచ్చితే మేం నిలబడతాం, నచ్చకపోతే నెలాఖరుకి గదులు ఖాళీ చేస్తాం. ఈ సంగతి కింద కొట్టాయనకి కూడా తెలుసు. తీరా వాళ్లు వస్తామన్నది శుక్రవారం పదిన్నరకి. మావయ్య మొహం వాడిపోయింది. ఎంత చిక్కు లెక్కయినా నోటితో చేసేసే మనిషి, రాహుకాలంలో మాత్రం ఏ మంచి పనీ మొదలుపెట్టడు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలమే.

“పన్నెండు దాటాక మొదలుపెడదామని అడుగుదాంరా” అన్నాడు.

“అప్పటికి వాళ్లు స్టేషన్‌కి బయల్దేరాలి మావయ్యా, రైలుంది.”

మావయ్య మీసం సవరించుకుని, “అయితే ఒకటి చెప్పు. ఈ మెషిన్‌కి టైం ఎంతయిందో ఎలా తెలుస్తుంది?” అనడిగాడు.

“లోపల గడియారం ఉంటుంది. అదెంతంటే దానికంతే.”

“అంతేనా” అన్నాడు. ఆ ‘అంతేనా’ వెనక ఏముందో నేను పట్టించుకోలేదు. టీ తాగేసి ఇంటికి పోయాను.

శుక్రవారం నేను వెళ్లేసరికే మావయ్య తలుపులు తెరిచి, అగరొత్తులు వెలిగించి కూర్చున్నాడు. వాళ్లు టైంకే వచ్చారు, మేనేజరు గారూ, ఆయన వెనక సంచి మోస్తూ ఇంకొకాయనా. మావయ్యే మొదటి మెషిన్ ముందు కూర్చుని, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని మీట నొక్కాడు. తెర నిండా రెండు మెషిన్లూ గీసిన మా బొమ్మ వచ్చింది, దాని కింద ఎర్రగా ‘రెండో మెషిన్ పోయింది. ఆఖరి మాట 10.41కి’ అని వచ్చింది. గోడ గడియారంలోనూ అంతే అయింది. వెనక గదిలోకి పరిగెత్తాను. రెండో మెషిన్ గుండ్రాయిలా ఉంది. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది. వైరు పీకి మళ్లీ పెట్టాను, వచ్చి మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ పోయింది, ఈసారి 10.50కి. నేను బతికించడం, అది పోవడం. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది.

చూసి చూసి మేనేజరు గారు ఎంతో సానుభూతిగా, “ఇది ఎన్నిసార్లు పోతుందండీ?” అన్నారు.

మావయ్య నా చెవి దగ్గరికి వంగి, “చూశావా, రాహుకాలంలోనే పోయిందిరా” అన్నాడు. ఆయన గొంతులో ఏడుపు వినపడింది. నాకూ ఏడుపొచ్చింది.

అత్తయ్య పంపిన పులిహోర మర్యాదకి రెండు ముద్దలు తిని, “మళ్లీ మాట్లాడతామండీ” అని వాళ్లు లేచారు. మళ్లీ మాట్లాడతామన్నవాళ్లు మాట్లాడరని అందరికీ తెలిసిందే. మావయ్య వాళ్లని కింద ఆటో ఎక్కించడానికి వెళ్లాడు. నేను తెర నిండా ఉన్న బొమ్మని తగ్గించాను. అప్పుడు కనపడింది మూలనున్న గడియారం. గోడ మీద పన్నెండు కావస్తోంది. మొదటి మెషిన్‌లో ఒంటి గంటన్నర దాటింది. మావయ్య అన్న ‘అంతేనా’ గుర్తొచ్చింది. పొద్దున్నే వచ్చి, మీట నొక్కే మెషిన్‌ని ఒక్కదాన్నే, గడియారం ముందుకి జరిపి, రాహుకాలం దాటించి కూర్చోబెట్టాడు మావయ్య. రెండోది పాపం ఇంకా రాహుకాలంలోనే ఉండి ‘నేనున్నాను, నేనున్నాను’ అంటోంది. మొదటిదానికి అవన్నీ ఎప్పటివో పాత మాటలు. నేను రాసిన నియమం ప్రకారం పాత మాటలవాడు పోయినట్టే.

గడియారం సరిచేశాను. గుక్క తిప్పుకునే లోపల ‘రెండో మెషిన్ వచ్చింది’ అని పచ్చగా పడింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో మావయ్య. తెర వంక చూశాడు, నా వంక చూశాడు, గోడ గడియారం వంక చూశాడు. పన్నెండు దాటింది.

“రాహుకాలం పోయింది, బతికింది” అన్నాడు.

చెప్పబోయిన నోరు మూసుకున్నాను. ఉద్యోగం వదులుకుని పెట్టిన కంపెనీని నీ చేత్తో నువ్వే ముంచావని ఆయనకి ఎలా చెప్పను? అది చెప్పకుండా వాళ్లని మళ్లీ రమ్మని ఎలా పిలవను? ఇద్దరం మిగిలిన పులిహోర తిన్నాం. నెలాఖరుకి తాళం పడింది. మావయ్య ట్యూషన్లు మొదలుపెట్టాడు, నేనూ బెంగళూరు బస్సెక్కాను. ఆ రహస్యాన్ని ఏళ్ల తరబడి గుండెల్లో మోశాను. (మోస్తున్నందుకు నన్ను నేను మెచ్చుకుంటూ కూడా ఉండేవాణ్ణి.)

ఈ మధ్య సెలవులో గుణదలలో మావయ్య ఇంటికి వెళ్లాను. కాఫీ తాగుతూ ఉన్నట్టుండి, “ఆ గడియారం మార్చింది నేనేరా” అన్నాడు.

కప్పు కింద పెట్టేశాను. “నీకు తెలుసా మావయ్యా?”

“లెక్కలు చెప్పినవాణ్ణి. నువ్వు గడియారం సరిచెయ్యడం, అది లేచి కూర్చోవడం గుమ్మంలోంచి చూశాను. ఆ మాత్రం కూడిక రాదా నాకు?”

“మరి రాహుకాలం పోయింది, బతికింది అన్నావుగా?”

“నీ మొహం చూశాన్రా. చెప్పలేక చచ్చిపోతున్నావు. ఏదో ఒకటి నేనే అనాలి గదా.”

మావయ్యని కాపాడేశానని మురిసిపోతూ పులిహోర మింగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది, కళ్లు చెమర్చాయి. వెళ్లొస్తానని లేవబోయాను. ఆ రోజు శుక్రవారం. మావయ్య గోడ వంక చూసి, “పన్నెండు దాటనీరా” అన్నాడు.

కూర్చున్నాను.