కాఫీకి వచ్చినవాళ్లు

పెంపుడు జంతువులకు సొంతంగా వైద్యం చేయడానికి హవానాలో అనుమతి లేని రోజుల్లో, నెరెయిడా డాక్టరమ్మ పదకొండేళ్లు తన మూడో అంతస్తు వంటింట్లోనే ఆ పని చేసింది. సంచిలో పిల్లిని దాచుకొచ్చినవాళ్లు గుమ్మంలో "కాఫీకి వచ్చాం" అనేవారు. ఆమె రేడియో గొంతు పెంచి, బల్ల తుడిచి, నుదుటి మీది కళ్లద్దాలు కిందికి దించుకునేది. ఎవరికీ కాగితం ముక్క రాసిచ్చేది కాదు.

పోయిన నెల ఆమెకు లైసెన్సు వచ్చింది. ఆ వారమే కింది వాటాలో ఉండే యుసిమీ పెంచుకునే కుక్క ఎదురింటి లాసరో నాలుగేళ్ల కొడుకును కరిచింది. ఆసుపత్రిలో గాయం కడిగి, కుక్కను పదిరోజులు గమనించి దానికి పిచ్చి లేదని పశువైద్యుడు రాసిచ్చిన కాగితం తెమ్మన్నారు. లాసరో కుక్కల బండిని పిలుస్తానన్నాడు. ఆ బండెక్కిన కుక్క తిరిగి రాదు. కుక్కను తాను చూస్తానని నెరెయిడా చెప్పినా లాసరో ఒప్పుకోలేదు.

"నోటిమాటలొద్దు డాక్టరమ్మా. రేపు వాడికేమన్నా అయితే నీ రేడియోని అడగనా?"

ఆమె కోప్పడలేదు. ఒక కాగితం తీసి కొత్త ముద్ర వేసి, మొదటిసారి పూర్తి పేరు రాసి సంతకం చేసింది. "తప్పయితే నన్ను పట్టుకోడానికి ఇంటి నంబరు కూడా ఉంది, చూసుకో."

పదిరోజులూ పొద్దున్నే మెట్లు దిగి, కుక్క నీళ్లు తాగే తీరు, నడిచే తీరు చూసి, ఆ కాగితం మీద రోజుకో వరస రాసి లాసరోకు చూపించింది. పదో రోజున, ఏ జబ్బూ లేని కుక్క హుషారుగా ఆమెనే చూసి మొరిగింది. ఆ కాగితం ఆసుపత్రికి చేరింది.

మర్నాడు లాసరో చొక్కా కింద పిల్లిని పట్టుకుని, గుమ్మంలో గుసగుసగా, "కాఫీకి వచ్చాను" అన్నాడు.

"పిల్లి కోసమని గట్టిగా చెప్పు లాసరో," అందామె, రేడియో కట్టేస్తూ.