అంబవ్వ పేరు తుడవలేకపోయాను

దెయ్యాలు, చేతబడి అంటే మా ఇంట్లో నవ్వేది నేనొక్కదాన్నే. దారిలో దిష్టి నిమ్మకాయ కనిపిస్తే మా వదిన చుట్టూ తిరిగి వెళ్లేది, నేను కావాలనే తొక్కి వెళ్లేదాన్ని. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. అయినా ఇది రాస్తున్నానంటే, నా కళ్ల ముందు పట్టపగలు జరిగింది కాబట్టి.

తొంభైల మధ్యలో మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, మా తెలుగువాళ్లుండే దాజీ పేట్‌లో ఒక బీడీ కార్మికుల సంఘంలో నాకు ఉద్యోగం దొరికింది. మా గల్లీలో కంప్యూటర్ కోర్సు చేసిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ పొగరు కొంచెం ఉండేది. ఆఫీసు గోడకు అటువైపు పవర్‌లూమ్‌లు, అంటే కరెంటు మగ్గాలు. ఆ చప్పుడులోనే పాత రిజిస్టరు చూసి పేర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను.

రిజిస్టరులో ఒకే మనిషి పేరు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉండేది. డేటాబేస్‌లో అలా కుదరదు. కార్మికులకు ఒక పట్టిక, అందులో మనిషికో వరుస, వరుసకో నంబరు. ఆ నంబరు ఇంకొకరికి రాదు. వారసులకు వేరే పట్టిక. అందులో పేరు, వయసు, ఒంటిమీది గుర్తు, ఎవరి వారసులో ఆ కార్మికురాలి నంబరు. గుర్తు ఎందుకంటే, మా దగ్గర ఒకే పేరుతో గల్లీకి ముగ్గురుంటారు. రెండు పట్టికలనూ కలిపి ఉంచేది ఆ నంబరే. ఒక నిబంధన కూడా పెట్టాను. వారసుల పట్టికలో ఒక్కరున్నా సరే, ఆ కార్మికురాలి పేరు తుడవడానికి వీల్లేదు. తుడిస్తే ఆ పిల్లలు ఎవరికీ చెందకుండా మిగిలిపోతారు.

కంప్యూటర్ రాకముందే అంబవ్వ అనే కార్మికురాలు చనిపోయింది. ఆమె బిడ్డ సుగుణ. తల్లి పేరున్న కార్మికుల కార్డు మీద బిడ్డ బీడీలు చుట్టడం మా దగ్గర మామూలే. తల్లి పోయాక కూడా సుగుణ అదే కార్డు మీద చుడుతూ వచ్చింది. కంప్యూటర్ వచ్చాక, ఇకమీదట చనిపోయినవాళ్ల కార్డులు చెల్లవని సంఘంలో అన్నారు. కార్డు తన పేరుకు మారకపోతే కార్ఖానాలో ఆకూ, తంబాకూ ఇవ్వరు. ఆమెకు వేరే పని రాదు. అంబవ్వ బిడ్డనని చూపించుకుందామంటే బడికి పోలేదు, పుట్టిన కాగితమూ లేదు. రిజిస్టరులో అంబవ్వ పేరు ఎదుట వారసుల గడి ఖాళీగా ఉంది.

సుగుణ మూడుసార్లు వచ్చింది. మూడోసారి నేను విసుక్కున్నాను.

"కంప్యూటర్ల నీ పేరు లేదు. నేనేం జెయ్యాలె?"

"కంప్యూటర్ల లేకపోతె నేను మా అవ్వకు బిడ్డను కానా అక్కా?" అంది. "నీ గలతీ కాదులే" అని వెళ్లిపోయింది. తప్పు నాది కాదని ఆమే అనేసరికి నాకు సిగ్గేసింది.

ఆ నెలాఖరున, మధ్యాహ్నం, చనిపోయినవాళ్ల పేర్లు తుడవడానికి కూర్చున్నాను. పదకొండు పేర్లు. పది పోయాయి. అంబవ్వ పేరు పోలేదు. ఈ నంబరుకు వారసులున్నారు, తుడవడం కుదరదు అని తెర మీద వచ్చింది. వారసుల పట్టిక తెరిచి వెతికాను. ఎవరూ లేరు. మళ్లీ తుడవబోయాను. మళ్లీ అదే జవాబు.

అంతలో కరెంటు పోయింది. గోడవతల మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. కరెంటు పోవడం మాకు కొత్తేమీ కాదు.

కరెంటు వచ్చాక పట్టిక తెరిస్తే, అంబవ్వ నంబరుతో ఒక వరుస ఉంది. పేరు సుగుణ. గుర్తులన్నీ నేను ఇంగ్లిష్‌లో రెండు ముక్కల్లో కొట్టేదాన్ని. ఈ గడిలో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో మా తెలుగే ఉంది.

"ఎడమ చెవు ఎనుక కాలింది. రేకు తాకింది. పిల్లకు ఎరుక లే"

గడిలో పట్టే అక్షరాలు అక్కడితో అయిపోయాయి.

మనిషిని పంపి సుగుణను పిలిపించాను. ఏమీ చెప్పకుండా స్టూలు మీద కూర్చోబెట్టి, ఎడమవైపు జుట్టు పైకెత్తాను. చెవి వెనక, జుట్టు లోపల, వేలిగోరంత పాత కాలిన మచ్చ. బీడీ కట్టలు వేడిచేసే రేకు అంచు తగిలితే పడే మచ్చ లాంటిదే. ఆమె వేలు పట్టుకుని దాని మీద పెట్టాను. అక్కడ మచ్చ ఉన్నట్టు ఆమెకే తెలియదు.

మచ్చ మీంచి వేలు తియ్యకుండానే అంది: "ఈ దిక్కు అవ్వ ఎవ్వరిని ముట్టనియ్యకపోతుండె. నా పెండ్లినాడు గుడ తనే దువ్వింది."

తర్వాత కింద కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా సంఘం సెక్రటరీ సాహెబ్ తెర చూశారు, మచ్చ చూశారు, కొత్త కార్డు మీద సంతకం పెట్టారు.

మా కోర్సు మాస్టారుని అడిగితే, వరుసలను వెతికిపెట్టే ఇండెక్స్ చెడితే ఉన్న వరుస కూడా కనబడదనీ, మెషిన్ మళ్లీ మొదలయ్యాక సరైపోయి ఉంటుందనీ అన్నారు. నిజమే కావచ్చు. వారసుల వరుసలకు నంబర్లు వాటంతటవే పడతాయి. మొదటి వారం తీసిపెట్టిన పాత ప్రింటు చూస్తే మధ్యలో ఒక నంబరు లేదు. సుగుణ వరుసది సరిగ్గా ఆ నంబరే. అంటే మొదటి వారం నుంచే అది లోపల ఉంది.

"అయితే నువ్వే కొట్టి మరిచిపోయుంటావు" అన్నారు మాస్టారు. సరే, నేనే కొట్టాననుకుందాం. ఆ గదిలో కీబోర్డు ముట్టేది నేనొక్కదాన్నే కదా. మరి ఆ మచ్చ సంగతి నాకెవరు చెప్పారు?

అంబవ్వ పేరు తుడవలేదు. చనిపోయిందని రాయడానికి ఇంకో గడి చేర్చి, ఉద్యోగం మానేదాకా అలాగే ఉంచాను. బిడ్డ ఉన్నంతవరకు తల్లి పేరు తుడవకూడదన్న నిబంధన పెట్టింది నేనే. వేలిముద్ర తప్ప సంతకం ఎరగని అంబవ్వకు అది ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.